బండ్లు ఆగే చోటు

పంతొమ్మిది వందల అరవై ఏడులో నేను విజయనగరంలో ట్రేసర్ ఉద్యోగంలో చేరాను. ఇళ్ళకీ వీధులకీ ప్లానులు మంజూరు చేసే ఆఫీసు అది. రెండు గదులు, ఒక వరండా. మొదటి గదిలో ఆఫీసరు గారు కూర్చునేవారు. రెండో గదిలో కిటికీ పక్కన ఏటవాలు బల్ల ఒకటి ఉండేది, అది నాది. ఎవరో పెన్సిలుతో గీసిన ప్లాను మీద ట్రేసింగ్ గుడ్డ పరిచి, కింద కనబడే గీతల మీదే నల్లసిరాతో మళ్ళీ గీయడం నా పని. ఎక్కడ గీయాలో నిర్ణయించేది వేరేవాళ్ళు. నేను చెయ్యి వణక్కుండా చూసుకుంటే చాలు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదటి నెలంతా ఏదో పని కల్పించుకుని తలుపు దగ్గర నిలబడి చూసిపోయేవారు జనం. తర్వాత మానేశారు.

చేరిన ఆరు నెలలకి ఒక వీధిని వెడల్పు చేసే ప్లాను నా బల్ల మీదికి వచ్చింది. అది మా వీధే. జనపనార బేళ్ళు వేసుకుని లారీలు స్టేషనుకి పోవడానికి అది అడ్డదారి. మా వరుసలో అరుగులన్నీ కొట్టెయ్యాలి. ఎంతవరకు కొట్టాలో ఎర్రసిరాతో గీత గీయాలి. పెన్సిలు గీత ఎక్కడుందో సరిగ్గా అక్కడే గీశాను. సాయంత్రం ఇంటికి వెళ్ళి అమ్మతో చెప్పాను.

"నువ్వే గీసినావేటి?" అంది అమ్మ.

"నేనే."

"తిన్నగా గీసినావా?"

"తిన్నగానే గీశాను."

"మరింకేటి" అని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది.

రెండు నెలలకి కూలీలు వచ్చి ఒక్క పూటలో పని ముగించి వెళ్ళారు. ఆ తర్వాత తలుపు తీస్తే ఎదురుగా రోడ్డే. లారీ పోయినప్పుడల్లా గోడ సున్నం కొంచెం రాలేది. నాన్న నా చిన్నప్పుడే పోయారు, ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆ అరుగు గురించి మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు.

మరుసటేడు ఎండాకాలంలో భూగోళం మాస్టారు మా ఆఫీసుకి వచ్చారు. మిషన్ బడిలో ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పి రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చంకలో గుడ్డ అంటించిన పాత పటం ఒకటి చుట్టి పట్టుకొచ్చారు. ఆఫీసరు గారి బల్ల మీద దాన్ని విప్పితే ముందు వైపు ఆఫ్రికా ఖండం ఉంది. మాస్టారు దాన్ని బోర్లా తిప్పారు. వెనక పెన్సిలుతో గీసిన కాలనీ ప్లాను ఉంది.

టీచర్లు, గుమాస్తాలు, ఒకరిద్దరు రైతులు, మొత్తం ముప్పై ఆరు మంది కలిసి ఇళ్ళ సంఘం పెట్టుకున్నారు. శృంగవరపుకోట వెళ్ళే రోడ్డు పక్కన జీడితోట కొన్నారు. సంఘానికి మాస్టారు ప్రెసిడెంటు. ఆయన ప్లానులో రోడ్డు తోట అంచుకి వచ్చి ఆగిపోయింది. అక్కడ ఒక ఖాళీ జాగా చూపించి 'బండ్లు ఆగే చోటు' అని గుండ్రటి అక్షరాలతో రాశారు. అక్కణ్ణించి లోపలికి మూడు నడకదారులు, ఒక్కోటీ పదడుగుల వెడల్పు. ఒక్కో దారికి అటు ఆరు, ఇటు ఆరు ఇళ్ళు.

ఆఫీసరు గారు చాలాసేపు చూశారు.

"రోడ్లేవండీ మాస్టారూ?"

"రోడ్డు బయటుంది కదండీ. లోపలికెందుకు?"

"మరి కార్లు ఎలా వెళ్తాయి?"

"మా ముప్పై ఆరు మందిలో ఒక్కరికీ కారు లేదు."

"రేపు కొనుక్కుంటే?"

"కొనుక్కున్నవాళ్ళు ఆ జాగాలో పెట్టి నడిచొస్తారు. చివరి ఇంటికి కూడా మూడు వందల అడుగులు లేవు. నేను కొలిచాను."

ఆఫీసరు గారు నవ్వారు. చెడ్డ మనిషేమీ కాదు ఆయన. కాని రూలు దాటి ఆలోచించడం ఆయన పని కాదు, ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. ఇళ్ళ మధ్య వీధి ముప్పై అడుగులుండాలని రూలు చూపించారు. పద్ధతి ప్రకారం ఇంకో ప్లాను గీయించి ఇస్తానని చెప్పి, పక్కనే నిలబడ్డ నన్ను చూపించారు. మాస్టారు వాదించలేదు.

"ఈ అమ్మాయే గీస్తుందా? అయితే ఆదివారం ప్రార్థన అయ్యాక మేమందరం తోటలో ఉంటాం. వచ్చి నేల చూసుకుని గీయమ్మా" అన్నారు.

అప్పటివరకు నేను గీసిన ఏ నేలనీ నేను చూడలేదు. ఆదివారం అమ్మని తోడు తీసుకుని జట్కాలో వెళ్ళాను.

తోటంతా రాలిన జీడిపళ్ళ వాసన. సంఘం వాళ్ళు చాలామంది పెళ్ళాం పిల్లలతో వచ్చారు. మాస్టారు ఒక బకెట్టులో సున్నం కలిపి, తాళ్ళు కట్టి, అప్పటికే ఒక నడకదారిని నేల మీద అసలు కొలతతో గీసి ఉంచారు. ఎక్కడ ఎవరి గుమ్మం వస్తుందో అక్కడ ఒక ఇటుక పెట్టారు. ఆడవాళ్ళు తమ ఇటుకల దగ్గరికి వెళ్ళి నిలబడి, ఎదురింటి ఇటుక దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళతో మాట్లాడుతున్నారు. పదడుగుల దూరం కాబట్టి గొంతు పెంచక్కర్లేదు.

సంఘంలో ఒక రైతు ఉన్నాడు. శృంగవరపుకోట దాపున ఊరు. కొడుకు టౌనులో గుమాస్తా, వాడి కోసం ఇక్కడ ఇల్లు కడుతున్నాడు. తెల్ల మీసాలు, పెద్ద గొంతు. అందరికంటే ముందు ఆయనే లేచాడు.

"మాస్టారూ, నాను సదువుకోనేదు గానీ ఒకటి అడుగుతాను సెప్పండి. మా ఊర్నించి ధాన్యం బండి వస్తాది. బస్తాలన్నీ మీ జాగాలో దింపేసి నెత్తి మీద మొయ్యమంటారేటి?"

"దూరం ఎంతో చూశారు కదా" అన్నారు మాస్టారు.

"మరి ఇంట్లో మడిసి పోతే?"

"పోయిన మనిషిని ఎక్కడున్నా నలుగురూ మోసుకునే కదా వెళ్తారు."

కొందరు నవ్వారు. రైతు నవ్వలేదు.

"పురుడొస్తే? నొప్పులు పడతన్న ఆడమడిసిని నడిపించుకుని తీసుకెల్తారేటి?"

"దానికి ఆలోచించాలి" అని మాస్టారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు.

రైతుకి అది చాల్లేదు. తను వచ్చిన ఎడ్లబండిని తోలుకొచ్చి సున్నపు గీతల మధ్యకి పెట్టాడు. "బండి ఎందుకు రాదో సూద్దుం" అన్నాడు. బండి బాగానే వెళ్ళింది, చివరి ఇటుక దాకా. అక్కడ తిప్పడానికి చోటు లేదు. అవతల ముళ్ళకంచె. ఎడ్లు వెనక్కి నడవనన్నాయి. ఆయన అదిలించాడు, తోకలు మెలిపెట్టాడు, ఒకటి పడుకుంది. చివరికి కాడి విప్పి, గుమాస్తాలూ టీచర్లూ పదిమంది కలిసి ఖాళీ బండిని వెనక్కి నెట్టుకొచ్చారు. అమ్మ నా పక్కన నిలబడి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సూసినారా? ఈ దారి బండికి పనికిరాదు" అన్నాడు రైతు, చెమట తుడుచుకుంటూ.

"చూశాను. ఇప్పుడు బయట జాగాలో ఒకసారి తిప్పండి" అన్నారు మాస్టారు.

రైతు ఎడ్లని మళ్ళీ కట్టి బయట తిప్పాడు. మాస్టారు బండి జాడ వెంబడే వంగి టేపుతో కొలుచుకున్నారు. బండ్లు ఆగే చోటు ఎంత ఉండాలో ఆ కొలతలోంచే వచ్చింది. ఆ రోజు ఇద్దరూ తామే గెలిచామనుకుంటూ ఇళ్ళకి వెళ్ళారు.

వెళ్ళేముందు నేను మాస్టారిని అడిగాను, ఎందుకింత పట్టుదల అని.

"మా నాన్న మిషన్ కాంపౌండులో వంటమనిషమ్మా. అక్కడి దొరసాని తన పూలకుండీలు పగులుతాయని దొరగారి కారుని గేటు దగ్గరే ఆపించేసేది. మా కోసం చేసింది కాదు. కాని మేం పిల్లలమందరం దారి నడిమధ్యన గోలీలాడుకుంటూ పెరిగాం. ఎవరూ మమ్మల్ని పక్కకి లాగలేదు. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు" అన్నారు.

సోమవారం నుంచి ఆఫీసరు గారు చెప్పినట్టే ముప్పై అడుగుల వీధులతో ప్లాను మొదలుపెట్టాను. మూడు వీధులూ గీశాక రెండు రోజులు ఆపేసి వేరే పనులు చేశాను. మూడో రోజు ఆయన గదిలోకి వెళ్ళి అడిగాను.

"సార్, వీధి వెడల్పు ముప్పై అడుగులుండాలని రూలు ఉంది. దాని మీద బండ్లు నడవాలని కూడా ఉందా?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రూళ్ళ పుస్తకం తీశారు. ఒక పేజీ చదివారు, వెనక్కి వెళ్ళి ఇంకో పేజీ చదివారు.

"లేదు. అది రాయాల్సి వస్తుందని ఎవరూ అనుకుని ఉండరు" అన్నారు.

"అయితే ముప్పై అడుగులూ ఉంచుతాను సార్. మధ్యలో పదడుగులు నడవడానికి. అటు పది, ఇటు పది చెట్లకి. వీధి మొదట్లో మూడేసి రాళ్ళు."

ఆయన కిటికీలోంచి బయటికి చూసి, "రాళ్ళని మరీ పెద్దగా చూపించకు" అన్నారు.

చిన్న చుక్కలుగా చూపించాను. చెట్లని చొక్కా గుండీ పెట్టి చుట్టూ గీశాను, ఇంటికి రెండు చొప్పున డెబ్బై రెండు. 'వీధి' అనే రాశాను. అప్పటివరకు ఎవరి గీతో మళ్ళీ గీసినదాన్ని, సొంతంగా గీయడం అదే మొదలు. గొప్పగా ఏమీ అనిపించలేదు. చెయ్యి మాత్రం మామూలు కంటే నెమ్మదిగా కదిలింది.

మాస్టారికి ఇది పూర్తిగా నచ్చలేదు. దారులు సన్నగా ఉంటే మిగిలే నేలలో పిల్లలకి మైదానం పెడదామని ఆయన ఆలోచన. ముప్పై అడుగులు ఇచ్చేస్తే మైదానం పోయింది. ప్లానుని చాలాసేపు చూసి, "పోనీలే" అని సంతకం పెట్టారు. పై ఆఫీసుకి వెళ్ళిన ప్లాను నాలుగు నెలలకి ముద్ర పడి తిరిగొచ్చింది. చుక్కల గురించి ఎవరూ అడగలేదు.

ఏడాదిలో సగం ఇళ్ళు లేచాయి. వీధి మొదట్లో నల్లరాళ్ళు పాతారు. ఇటుకలూ ఇసకా బయట జాగాలో దించి, కూలీలు తట్టల్లో లోపలికి మోసేవారు. సంఘంలో కొందరు దానికి గొణిగారు. రైతు గట్టిగానే తిట్టాడు, కాని మూడో వీధిలో ఇల్లు పూర్తిచేసి కొడుకునీ కోడలినీ తీసుకొచ్చి తనూ అక్కడే ఉన్నాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం, కట్టిన ఇళ్ళ కొలతలు తనిఖీ చేయడానికి ఆఫీసరు గారితో నేనూ వెళ్ళాను. మేం మొదటి వీధిలో ఉండగా మూడో వీధిలోంచి కేకలు వినబడ్డాయి. రైతు కోడలికి నొప్పులు మొదలయ్యాయి. నెల ముందే వచ్చాయి. జట్కా తీసుకొచ్చారు గాని అది రాళ్ళ దగ్గర ఆగిపోయింది. నడకదారికి ఇంకా రాళ్ళు పరవలేదు. ఎర్రమట్టి వానకి నాని చీలమండల దాకా దిగబడుతోంది. ఇంటికీ జట్కాకీ మధ్య రెండు వందల అడుగులుంటుంది.

రైతు వానలో నిలబడి మాస్టారి ఇంటి వైపు చెయ్యి చాపి అరుస్తున్నాడు. "ఆ నాడే సెప్పినాను! నెత్తీ నోరూ బాదుకుని సెప్పినాను!"

మాస్టారు తన ఇంట్లోంచి చేతుల కుర్చీ మోసుకొచ్చారు. ఆ పిల్లని అందులో కూర్చోబెట్టారు. రైతు కొడుకు, పక్కింటి టీచరు, జట్కా అతను, మా ఆఫీసరు గారు తలో కోడూ పట్టుకుని లేపారు. నేను పక్కన నడుస్తూ గొడుగు పట్టాను. ఆ పిల్లది నా వయసే. దారి పొడుగునా నా మణికట్టు పట్టుకునే ఉంది. మధ్యలో ఆఫీసరు గారి చెప్పు బురదలో ఉండిపోయింది, ఆయన ఆగలేదు. జట్కా ఎక్కించాక చూస్తే నా చేతి మీద ఆమె గోళ్ళు దిగిన గుర్తులు నాలుగు ఉన్నాయి.

ఆసుపత్రికి చేరిన గంటకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

మర్నాడు పొద్దున్నే రైతు గడ్డపార తెచ్చి నడిమి రాయి పీకేశాడు. నెల తిరిగాక ఒక ఆదివారం మీటింగు పెట్టారు. అసలు ప్లాను పట్టుకుని రమ్మని మాస్టారు కబురు చేస్తే నేనూ వెళ్ళాను.

"దేవుడు సూసినాడు గాబట్టి సరిపోనాది. ఇక నా వీధిలో రాయి ఉండడానికి ఈల్లేదు. ఎవుడు పెడతాడో పెట్టండి, సూస్తాను" అన్నాడు రైతు.

మాస్టారు లేచారు. ఆ రోజు రాసుకున్న చిన్న పుస్తకం చేతిలో ఉంది.

"తప్పు నాదే. తోటలో ఈయన పురుడు సంగతి అడిగారు. ఆలోచిస్తానన్నాను. ఇదిగో, రాసుకున్నాను కూడా. తర్వాత ఆలోచించలేదు" అన్నారు.

బళ్ళో తప్పు చేసిన పిల్లలని ఎంతమందిని నిలబెట్టి ఉంటారో గాని, తను నిలబడటం కూడా ఆయనకి చేతనయింది. రైతు ఇంకా తిట్టడానికే లేచినవాడు, కూర్చున్నాడు.

నడిమి రాయి బదులు మద్దికర్ర గుంజ పెడదామన్నాను నేను. కింద రాతి గుంట, పక్కన ఇనప కొక్కెం, దానికి తాళం. తాళం తీస్తే ఒక మనిషి గుంజని ఎత్తి పక్కన పెట్టొచ్చు, జట్కా లోపలికి వెళ్తుంది. ప్లాను అంచు మీద పెన్సిలుతో గీసి చూపించాను. అందరూ ఒప్పుకున్నారు. తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న దగ్గర ఆగింది.

"ఆయన దగ్గరే" అన్నారు మాస్టారు, రైతుని చూపించి.

"నా కాడా? నాను వద్దంటన్నాను కదేటి మాస్టారూ!"

"అందుకే. ఎప్పుడు తియ్యాలో మా అందరికంటే మీకే బాగా తెలుసు."

రైతు చుట్టూ చూశాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఆయన కోడలు, ఒళ్ళో పిల్లతో, మెల్లిగా అంది: "తీసుకో మావా. మన కాడుంటే ఇంకెవుర్నీ అడగక్కర్నేదు."

ఆయన తాళంచెవి తీసుకుని మొలతాడుకి కట్టుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకోలేదు. ఆ గుంజని ఆయన ఎవరికి పడితే వారికి తీసేవాడు కాదు. జబ్బు మనిషి ఉంటే పిలవకుండానే పరిగెత్తుకొచ్చి తీసేవాడు. సామాన్ల బండికీ పెళ్ళివారి కారుకీ మాత్రం తియ్యనంటే తియ్యనే. ఒకసారి ఊరినించి ఆయన బావమరిదే ధాన్యం బండి తోలుకొచ్చాడు. నేను ఏదో కాగితం మీద సంతకం కోసం వెళ్ళి అక్కడే ఉన్నాను.

"నా బండిని కూడా ఆపేస్తావేటి బావా?"

"నీ ఎడ్లకి తెలుస్తాదేటి, నా మనవరాలు గుంట దారిలో పాకతన్నాదని? దించు, నానూ మోస్తాను."

ఇద్దరూ బస్తాలు మోశారు. బావమరిది ఆ పూట భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడని తర్వాత కోడలు చెప్పింది.

ఆ రోజుల్లోనే సభ్యుడొకాయన ఉద్యోగరీత్యా వేరే ఊరు వెళ్ళిపోవడంతో రెండో వీధిలో ఒక స్థలం ఖాళీ అయింది. తీసుకుంటావా అని మాస్టారు నన్నడిగారు. అమ్మని తీసుకెళ్ళి చూపించాను. అమ్మ వీధి ఆ చివరినుంచి ఈ చివరికి నడిచింది, చెట్లకి కట్టిన ముళ్ళకంపలు చూసింది, ఒక ఇంట్లో మంచినీళ్ళు తాగింది.

"బాగానే ఉన్నాది గానీ, ఒక బండి రాదు, ఒక లారీ పోదు. నాకిక్కడ పొద్దెలగ పోతాదే?" అంది.

వద్దని మాస్టారికి చెప్పాను. ఆయన ఆశ్చర్యపడ్డారు. నేనూ కొంచెం ఆశ్చర్యపడ్డాను, కాని అమ్మని మళ్ళీ అడగలేదు.

డెబ్బయ్యో సంవత్సరం చివర్లో మొదటి వీధిలో ఇద్దరు స్కూటర్లు కొన్నారు. కొన్నాళ్ళు బయట జాగాలోనే పెట్టారు. ఎండకి సీట్లు పాడవుతున్నాయని, పెట్రోలు పోతోందని మెల్లిగా మాటలు మొదలయ్యాయి. ఆ వీధి వాళ్ళు పన్నెండు మంది కూర్చుని చేతులెత్తారు. రాళ్ళు తీసెయ్యాలన్నవాళ్ళు ఎనిమిది మంది, ఉంచాలన్నవాళ్ళు నలుగురు. ఆ నలుగురిలో మాస్టారు ఒకరు, ఆయన ఇల్లు ఆ వీధిలోదే. మర్నాడు రాళ్ళు తవ్వుతుంటే ఆయన అక్కడే నిలబడి, పక్క చెట్ల వేళ్ళు తెగకుండా గడ్డపార ఎక్కడ వెయ్యాలో కూలీకి చూపించారు.

నాకు డ్రాఫ్ట్స్‌మన్‌గా ప్రమోషను వచ్చి శ్రీకాకుళం వేశారు. చెప్పి వెళ్దామని ఆయన ఇంటికి వెళ్ళాను. వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. స్కూటరు వస్తే పక్కకి తప్పుకుని, అది పోయాక మళ్ళీ మధ్యలోకి వస్తున్నారు.

"మూడు వీధుల్లో రెండు నిలిచాయి. నూటికి అరవై ఆరు. మా బళ్ళో అయితే ఫస్టు క్లాసు ఇచ్చేవాణ్ణి" అన్నారు మాస్టారు. ఆ మాట సరదాగా అన్నారో లేదో నాకు తెలియలేదు. టీ ఇచ్చారు. తాగి వచ్చేశాను.

శ్రీకాకుళంలో చేరిన రెండో నెలలో ఒక కొత్త కాలనీ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. ఊరి బయట మెట్టభూమి, నలభై ఇళ్ళు. వారంలో ఇచ్చెయ్యమన్నారు. నేల చూడ్డానికి టైము లేదు. నాలుగు వీధులు గీశాను, ముప్పై అడుగుల చొప్పున, ఈ చివరినుంచి ఆ చివరికి బండ్లు పోయేటట్టు. అక్కడి ఆఫీసరు గారు చూసి గీతలు చాలా శుభ్రంగా ఉన్నాయన్నారు. విజయనగరంలో ఇంకో రకంగా కూడా గీశానని ఆయనతో అనలేదు. ఆయన సంతకం పెట్టాక ఫైలు పై ఆఫీసుకి పంపే కట్టలో పెట్టేసి, తర్వాతి ప్లాను తీసుకున్నాను.